మామిడిపండు రంగు పిగిలిపిట్ట

ధర్మవరంలో చేనేత ఇళ్ళ ఆడవాళ్ళ పనివేళల మీద నేను చేసిన సర్వేలో ముప్పై ఎనిమిది కుటుంబాలు ఉన్నాయి. ఒక్కొక్కరి రోజును పదిహేను నిమిషాల గళ్ళుగా విడదీసి, ఏ గడిలో ఏ పని చేశారో వాళ్ళనే అడిగి నింపడం నా పద్ధతి. ముప్పై ఏడు పత్రాల్లో ఒక్క ఖాళీ గడి కూడా లేదు. ఆదిలక్ష్మి పత్రంలో మాత్రం ఉదయం ఆరు ముప్పావు నుంచి ఏడుంబావు దాకా రెండు గళ్ళు ఖాళీగా మిగిలాయి.

"ఆ అరగంట ఏం చేస్తారు?" అని అడిగాను.

"ఏమీ చెయ్యను."

"కూర్చుంటారా?"

"నిలబడుకుంటా."

రంగు తొట్టిలో కర్ర తిప్పుతున్న ఆమె భర్త గంగాధర నవ్వాడు. "పిట్టలకు హాజరు ఏస్తాది అని రాసుకోమ్మా. ఒక్క పిట్ట తక్కువొచ్చినా ఆ పొద్దు మాకు ఉత్త చారే."

"చారన్నా పోస్తాండా కదా," అంది ఆదిలక్ష్మి, తల తిప్పకుండానే.

ఆ రెండు గళ్ళు నింపడానికి నేను ఆ ఇంటికి మరో ఐదుసార్లు వెళ్ళవలసి వచ్చింది. అక్కడ తెలిసింది సర్వే పత్రంలో పట్టేది కాదు. అందుకే విడిగా రాస్తున్నాను.

ఆదిలక్ష్మికి ఇప్పుడు నలభై ఒక్క ఏళ్ళు. పుట్టింది గాండ్లపెంటలో, వేరుశనగ పండించే ఇంట్లో. ఏడో తరగతి వరకు చదివింది. పంతొమ్మిదో ఏట పెళ్ళై ధర్మవరంలోని ఈ డైయింగ్ షెడ్డుకు వచ్చింది. ఇక్కడికి పట్టు నూలు తెల్లటి కట్టలుగా వస్తుంది, వాటిని లడీలంటారు. లడీలను సబ్బునీళ్ళలో ఉడికించి, వేడి రంగులో ముంచి, మూడు నీళ్ళలో జాడించి, పెరట్లో వెదురు దండేల మీద ఆరవేస్తారు. రంగు కలపడం గంగాధర పని. జాడించడం, ఆరవేయడం, కాపలా కాయడం ఆదిలక్ష్మి పని. ఆరుతున్న లడీ మీద ఒక్క పిట్ట రెట్ట పడినా అది మచ్చై నిలిచి, నేసిన తరువాత చీర మధ్యలో తేలుతుంది. కాబట్టి కాపురానికి వచ్చిన మొదటి నెలలోనే అత్తగారు ఆమె చేతికి ఒక కట్టె ఇచ్చి పెరట్లో నిలబెట్టింది. పక్షులతో ఆమె పరిచయం వాటిని తరమడంతో మొదలైంది.

తరిమే మనిషికి ఎవరు ఎప్పుడు ఏ వైపు నుంచి వస్తారో ముందే తెలియాలి. గోరింకలు జంటగా తూర్పు గోడ మీదికి దిగుతాయి. పసిరిక పిట్ట కరెంటు తీగ మీదే కూర్చుంటుంది, దాన్ని పట్టించుకోనక్కరలేదు. తేనెపిట్ట రెట్టతో పెద్ద బెడద లేదు గాని గూటి కోసం లడీలోంచి పోగు లాక్కుపోతుంది. ఇలా రెండేళ్ళు తరిమిన తరువాత, తరమవలసిన పని లేనప్పుడు కూడా ఆమె వాటిని చూడటం మొదలుపెట్టింది.

షెడ్డులో లాట్ బుక్కు ఒకటి ఉంటుంది. అద్దిన ప్రతి లాటుకూ నంబరు, తేదీ, రంగు పేరు రాసి, పక్కన ఆ రంగు పోగు ముక్క ఒకటి అంటిస్తారు. అదే రంగు మళ్ళీ కావాలని ఎవరైనా వస్తే ఆ పోగు చూసి కలుపుతారు. ఆ వివరాలన్నీ కుడి పేజీలోనే. ఎడమ పేజీ ఖాళీగా ఉండేది. అందులో ఆదిలక్ష్మి పిట్టలను రాసుకుంది. పేర్లు తెలియనివాటికి తనకు తెలిసిన రంగుల పేర్లే పెట్టింది. వక్క రంగు పిట్ట. బచ్చలిపండు రంగు పిట్ట. ఏ పిట్ట ఎన్ని గంటలకు వచ్చిందో ఎదురుగా రాసింది.

ఆరేళ్ళ కిందట హిందూపురం నుంచి దేవసహాయం అనే రిటైర్డ్ సైన్సు మాస్టారు కూతురి పెళ్ళిచీరకు మీగడ రంగు అద్దించడానికి ఈ షెడ్డుకు వచ్చాడు. రంగు చూపించడానికి తెరిచిన పుస్తకంలో ఆయన కళ్ళు ఎడమ పేజీ మీద ఆగిపోయాయి.

"ఇదంతా ఎవురి దగ్గర నేర్చుకుంటివమ్మా?"

"కట్టె పట్టుకోని నేర్చుకున్నా సార్."

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల పక్షులను చూసే ముప్పై మంది దాకా ఉన్న బృందం దేవసహాయానిది. ప్రతి నెలా రెండో శనివారం పెనుకొండ కొండ ఎక్కుతారు. మిగతా రోజుల్లో ఎవరి ఊళ్ళో వాళ్ళు చూసింది వాట్సాప్‌లో పెడతారు. ఆయన దగ్గర ఒక పట్టిక ఉంది. ప్రతి పక్షి పేరు ఎదుటా, దాన్ని ఈ ప్రాంతంలో మొదట చూసిన మనిషి పేరు రాస్తాడు. పట్టిక నిండాక పుస్తకంగా అచ్చు వేయించాలని ఆయన కోరిక. ఆదిలక్ష్మికి ఆయన తన పాత బైనాక్యులర్స్ ఇచ్చాడు. మూడేళ్ళలో ఆ పట్టికలో ఆమె పేరు నలభై మూడు చోట్ల చేరింది. అంతకు ముందు ఆమె పేరు రేషన్ కార్డులో, ఓటర్ల జాబితాలో తప్ప మరెక్కడా అచ్చులో లేదు. ఈ మాట ఆమె ఫిర్యాదుగా అనలేదు, లెక్కగా చెప్పింది.

ఆ తరువాత శైలజ వచ్చింది.

శైలజ హిందూపురంలో ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తుంది. సొంత ఊరు తనకల్లు. ఇరవై తొమ్మిదేళ్ళు. మోచేతి పొడవు లెన్సున్న కెమెరా ఉంది. నేను ఆమెను కూడా రెండుసార్లు కలిశాను. నెమ్మదైన మనిషి, ఎవరినీ తీసిపారేసి మాట్లాడదు. ఆమె చేసిన అపకారం ఏదైనా ఉందా అని ఆదిలక్ష్మిని సూటిగా అడిగాను.

"అపకారమేమీ లేదు. అదే కదా," అంది.

శైలజ చేరిన ఏడాదే బృందంలో నియమం మారింది. మనుషులు పెరిగారు, చూడనివి చూశామనేవాళ్ళూ పెరిగారు. ఇకమీదట ఫొటో ఉంటేనే పట్టికలో చేరుస్తామని, పాతవాటికి కూడా ఫొటో ఆధారం దొరికితే ఆ ఆధారం తెచ్చినవారి పేరే రాస్తామని అందరూ కూర్చుని నిర్ణయించారు. ఆదిలక్ష్మి కూడా చెయ్యెత్తింది. ఏడాది తిరిగేసరికి ఆమె నలభై మూడు పక్షుల్లో పదకొండు శైలజ పేరు కిందికి వెళ్ళిపోయాయి. ఆ పదకొండూ ఆమె వేళ్ళ మీద ఉన్నాయి. వంగపండు పిట్ట, తోకపిగిలి, రెండు రకాల లకుముకి... దొంగతనంలో పోయిన నగలు చెప్పినట్టు వరుస తప్పకుండా చెబుతుంది. పోలీసుకు చెప్పుకోలేని దొంగతనం. అందులో తను చెయ్యెత్తి ఒప్పుకున్నది.

లాట్ బుక్కు వెనక అట్ట లోపల ఆమె నిలువు గీతలు గీయడం మొదలుపెట్టింది. శైలజ పట్టికలో చేర్చిన ప్రతి పక్షికీ ఒక గీత. శైలజ వాట్సాప్‌లో పెట్టిన ప్రతి ఫొటోనూ మూడుసార్లు చూసేది: మొదటిసారి పిట్టను, రెండోసారి తప్పేమైనా ఉందేమోనని, మూడోసారి ఎవరెవరు ఏమని మెచ్చుకున్నారోనని. కొండ మీద నడిచేటప్పుడు వెనక నుంచి కెమెరా టపటపమంటే, పిట్ట ఎగిరిపోవాలని మనసులో కోరుకునేది. ఎగిరిపోతే ఆ రోజంతా హుషారుగా ఉండేది.

"ఆయమ్మి కెమెరా రిపేరుకు పోయిన వారం మా ఇంట్లో రెండుసార్లు వడలు చేసినాదమ్మా," అన్నాడు గంగాధర. "ఎందుకే అంటే, మినప్పప్పు పాడైపోతాదని చెప్పింది."

"పాడైపోతాండ్య కదా మరి."

"అవునవును. కెమెరా బాగైనంక పప్పు కూడా బాగైపాయ."

ఇక అసలు సంగతి. పట్టికలో ఒక పక్షికి గడి ఉంది గాని, ఎదురుగా చూసిన మనిషి పేరు లేదు. అది కొండ పొదపిగిలి. పిగిలిపిట్టల్లో, అంటే బుల్‌బుల్ పిట్టల్లో, బండల మధ్య, ముళ్ళపొదల్లో బతికే రకం. తల, గొంతు పసుపు. తోక చివర లేత రంగు. ఇలాంటి రాతికొండల్లో ఉంటుందని పాత పుస్తకాల్లో చదివిన దేవసహాయం పదేళ్ళుగా పెనుకొండ మీద దానికోసం వెతుకుతున్నాడు. అది దొరికితే పుస్తకానికి అట్ట మీద బొమ్మ అదేనని ఆయన ఎన్నోసార్లు అన్నాడు. ఆ గడిలో తన పేరు పడాలని ఆదిలక్ష్మి కోరిక. పోయిన పదకొండింటికీ ఆ ఒక్కటి సరిపోతుందని ఆమె లెక్క. బృందంలో ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

మొన్న జనవరి చివర ఒక గురువారం శైలజ ధర్మవరం వచ్చింది. తన సొంత అక్క పెళ్ళిచీరకు అంచు రంగు ఎంచుకోవాలి. ఆదిలక్ష్మి, గంగాధర అప్పుడే అద్దిన లడీలు అప్పగించడానికి బండి మీద వెళ్ళి ఉన్నారు. శైలజ పెరట్లో గంటసేపు ఎదురుచూసింది. భుజాన కెమెరా ఎలాగూ ఉంది.

గోడ అవతల సీమతుమ్మ చెట్టు కింద ఒక పాత రోలు ఉంది. ఆదిలక్ష్మే దాన్ని అక్కడికి దొర్లించి, రోజూ పొద్దున మంచినీళ్ళు పోస్తుంది. పిట్టలు అందులో తాగుతాయి, మునుగుతాయి. శైలజ చూసేసరికి రోటి అంచున ఒక పిగిలిపిట్ట కూర్చుని ఉంది. గొంతు పసుపు. తల పసుపు. తోక చివర ఆకుల వెనక ఉంది. ఆమె నాలుగు ఫొటోలు తీసింది. అంతలో అది పొదలోకి దూరింది.

సాయంత్రం నాలుగు గంటలకు ఫొటో బృందంలో వచ్చింది. 'కొండ పొదపిగిలి! ధర్మవరం, ఆదిలక్ష్మి అక్క ఇంటి వెనక.' అరగంటలో ఇరవై రెండు మంది అభినందించారు.

ఆదిలక్ష్మి మొదట ఏడ్చింది. తన ఇంటి వెనక, తన రోటి మీద, తాను లేని ఆ ఒక్క గంటలో. తరువాత అలవాటు ప్రకారం రెండోసారి చూసింది. రెండు వేళ్ళతో ఫొటోను పెద్దది చేసింది. ఆ పసుపు ఆమెకు తెలిసిన పసుపు. అయితే ఫోన్ తెర మీది రంగును నమ్మకూడదు. ఫొటో పంపి ఇదే రంగు కావాలనే గిరాకీలతో ఆమె రోజూ పడే గొడవ అదే. కాబట్టి లాట్ బుక్కు తీసింది. లాట్ నంబరు 212, మామిడిపండు రంగు, అదే వారం అద్దినది. పోగు ముక్కను తెర పక్కన పెట్టి చూసి, లేచి గోడ అవతలికి వెళ్ళింది.

రోట్లో నీళ్ళు పసుపుగా ఉన్నాయి.

జాడించిన నీళ్ళు మూత ఉన్న గుంతలోకి పోవాలి. ఆ గుంతకు పోయే పైపు గోడ దగ్గర పగిలి నాలుగు రోజులైంది. రేపు చేయిస్తా, మాపు చేయిస్తా అంటూ గంగాధర వాయిదా వేస్తున్నాడు. కారిన నీళ్ళు సరిగ్గా రోట్లోకి చేరాయి. ఆ రోజు పొద్దున లడీలు అప్పగించే తొందరలో ఆమె రోలు కడగకుండా, ఉన్న నీళ్ళ మీదే మంచినీళ్ళు పోసి వెళ్ళిపోయింది. పిట్ట ఈక కూడా పట్టు లాంటిదే, రంగును పట్టుకుంటుంది. అది కొండ పిట్ట కాదు. పెరట్లోకి రోజూ ఏడు గంటలకు వచ్చే మామూలు పొదపిగిలి. మర్నాడు ఏడుకు మళ్ళీ వచ్చింది. కొండ పిట్టకు ఉండని, కంటి మీది తెల్లటి గీత ఒక వైపు ఇంకా తెల్లగానే ఉంది.

ఆమె రోలు వంచి, బూడిదతో తోమి, కొత్త నీళ్ళు నింపింది. పగిలిన పైపుకు తనే గుడ్డ చుట్టింది.

"ఏమ్మే, రోలు తోమతాండావు. పండగా?" అన్నాడు గంగాధర.

"నువ్వు పైపు ఏపిచ్చిన పొద్దే పండగ."

తరువాత బృందంలో 'చాలా మంచి ఫొటో' అని రాసి, రెండు పూల బొమ్మలు పెట్టింది.

ఎందుకలా చేసిందో నాకు వివరంగా చెప్పింది. వరుస మార్చకుండా రాస్తున్నాను. పుస్తకం అచ్చు కావాలి. అట్ట మీద ఆ బొమ్మ రావాలి. అందరి చేతుల్లోకీ చేరాలి. ఆ తరువాత ఒక శనివారం కొండ మీద అందరి ముందూ, 'అది నా మామిడిపండు రంగు, లాట్ నంబరు 212' అని చెప్పాలి. శైలజ ముఖం అప్పుడు చూడాలి. ఆ ముఖాన్ని ఊహించుకుంటూ వారం రోజులు లడీలు జాడించిందట. ఆ వారం పని ఎప్పుడు అయిపోయిందో కూడా తెలియలేదట.

తొమ్మిదో రోజు దేవసహాయం ఫోన్ చేశాడు.

"ఆదిలక్ష్మమ్మా, అట్ట బొమ్మ ఖాయమైంది. శైలజ ఏమంటాందో తెలుసా? పిట్ట అక్క ఇంటికాడిది, అక్క పెట్టిన రోటి మీదికొచ్చింది, అక్క పేరు కూడా ఎయ్యల్ల అంటాంది. ఇద్దరి పేర్లూ ఏస్తాండాం."

తను కోరుకున్న గడిలో తన పేరు. పదేళ్ళుగా ఖాళీగా ఉన్న గడి. పుస్తకం అట్ట మీద. ఊరుకుంటే చాలు, దక్కుతుంది. నిజం తెలిసిన మనిషి తనొక్కతే. పిట్ట రంగు అప్పటికే వెలిసిపోతూ ఉంది. చెబితే ఆ పేరు పోతుంది, పైగా పిట్టలు మునిగే నీళ్ళలో రంగు కలిపింది ఎవరో అందరికీ తెలుస్తుంది. అచ్చయ్యాక బయటపడితే, నవ్వులపాలయ్యేది శైలజ ఒక్కతే కాదు.

"మంచిది సార్," అని ఫోన్ పెట్టేసింది.

మరో పన్నెండు రోజులు గడిచాయి. ఆ రోజుల్లో ఆమెను వేధించింది అబద్ధం కాదు. ఆ మాట దాచకుండా ఒప్పుకున్న ఆమె నిజాయితీని నేను తక్కువ చేయలేను. ఆమెను వేధించింది పేర్ల వరుస. మొదట శైలజ, తరువాత ఆదిలక్ష్మి. గెలిచిన మనిషి మిగిలినదాంట్లో ఒక ముక్క తుంచి ఇచ్చినట్టు ఉండేదట.

ప్రూఫ్ పేజీలు చూడటానికి ఫిబ్రవరిలో ఒక ఆదివారం, చర్చిలో ప్రార్థన ముగిశాక, దేవసహాయం ఇద్దరినీ హిందూపురంలో తన ఇంటికి పిలిచాడు. ఆదిలక్ష్మి లాట్ బుక్కు సంచిలో పెట్టుకుని బస్సెక్కింది. చూపిస్తానో లేదో బస్సు దిగేదాకా తెలియదని అంది. బల్ల మీద అట్ట కాగితం పరిచి ఉంది. పసుపు గొంతు పిగిలిపిట్ట, రోటి అంచున. కింద రెండు పేర్లు.

"ఎట్లుండాది?" అన్నాడు దేవసహాయం.

"బాగుండాది సార్."

శైలజ ఆమె ముఖం చూసింది. ఏదో తప్పు జరిగిందనుకున్నట్టుంది. పెన్ను తీసుకుని పేర్ల మధ్య అటూ ఇటూ బాణం గుర్తు గీసింది. "అక్క పేరే ముందు ఏద్దాం సార్. నాకు శానా ఉండాయి కదా."

చివరి మాటతో సంచి తెరుచుకుంది. ఆదిలక్ష్మి లాట్ బుక్కు తీసి, 212వ లాటు పేజీ తెరిచి, అట్ట బొమ్మ మీద పెట్టింది. పోగు ముక్క సరిగ్గా పిట్ట గొంతు పక్కన పడింది.

"ఏందక్కా ఇది?"

"మీ పిట్ట."

దేవసహాయం అద్దాలు తీసి, పుస్తకాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో పోల్చి చూశాడు. ఆదిలక్ష్మి పైపు సంగతి, రోలు సంగతి, రోజూ ఏడింటికి వచ్చే పొదపిగిలి సంగతి చెప్పింది. గొంతు తగ్గించలేదు, పెంచలేదు.

"పిట్టకేమన్నా అయ్యిందా?" అని ఆయన అడిగాడు.

ఆ ప్రశ్న తను మూడు వారాల్లో ఒక్కసారి కూడా వేసుకోలేదని ఆదిలక్ష్మికి అప్పుడు తెలిసింది. శైలజ తల దించుకోవడం చూస్తే, ఆమెకూ ఆ ప్రశ్న రాలేదని తెలిసింది. ఆ ఒక్క విషయంలో ఇద్దరూ సమానమని నాతో అన్నప్పుడు ఆదిలక్ష్మి గొంతులో కొంచెం తృప్తి వినిపించింది.

"బాగానే ఉండాది సార్. రంగు వెలిసిపాయ. నిన్న కూడా వచ్చ్యా."

"తోక కనపడలేదని నాకు మొదటే ఒక అనుమానం," అన్నాడు దేవసహాయం. "పదేండ్ల ఆశ. తోకను పక్కన పెట్టేసినా."

శైలజ అప్పుడు అడిగింది. "నీకు ఎప్పుడు తెలిసిందక్కా?"

"నువ్వు ఫొటో పెట్టిన సాయంత్రమే."

"మూడు వారాలైంది."

"అవును."

"పూలు పెట్టినావు."

శైలజ పెన్ను మూత బిగించి, తను గీసిన బాణం గుర్తును చూస్తూ కూర్చుంది. తప్పు ఫొటో పెట్టినందుకు కాదు, ఆ రెండు పూలకే తనకు బాధేసిందని శైలజ నాకు తరువాత చెప్పింది. "తిట్టింటే పొయ్యేది. ఎవురైనా పొరపాటు చేస్తారు. పూలు పెట్టేది పొరపాటు కాదు కదా," అంది.

దేవసహాయం ఇద్దరి పేర్లూ కొట్టేశాడు. కొండ పొదపిగిలి గడి మళ్ళీ ఖాళీ అయింది. అచ్చును ఒక నెల ఆపి, చివరి ప్రయత్నంగా మార్చి రెండో శనివారం అందరూ పెనుకొండ ఎక్కాలని నిర్ణయించాడు. ఈలోగా ఆదిలక్ష్మి పైపు మార్పించింది. గంగాధర ఒక పూట షెడ్డు మూసి దగ్గరుండి వేయించాడు. ఆ రోజు ఇంట్లో వడలు చేయలేదు.

మార్చి శనివారం పదమూడు మంది వచ్చారు. శైలజ కూడా వచ్చింది. ఆదిలక్ష్మిని చూసి తల మాత్రం ఊపింది. లెన్సు భుజాన వేసుకుని ముందు నడిచింది. ఆదిలక్ష్మి వెనక పడింది. పాత కోటగోడ దాటాక దారి రెండుగా చీలుతుంది. అందరూ ఒక వైపు వెళితే ఆమె రెండో వైపు కొంత దూరం నడిచింది. అక్కడ ఒక బండ పగులులోంచి చిన్న చెట్టు మొలిచి ఉంది. దానిమీద అది కూర్చుని ఉంది.

మొదట ఆమె నమ్మలేదు. పసుపు గొంతును చూసి మోసపోయేవాళ్ళను చూసిన మనిషి కదా. బైనాక్యులర్స్ ఎత్తి ముందు తోక చూసింది. చివర లేత రంగు ఉంది. కంటి మీద తెల్ల గీత లేదు. తల పసుపు, గొంతు పసుపు. ఈ పసుపు మామిడిపండు కాదు. ఇందులో ఎరుపు బొత్తిగా లేదు; నిమ్మకాయ పండే ముందు ఉండే రంగు, లోపల ఎక్కడో చారెడు పచ్చ. ఏ రంగు ఎంత కలిపితే అది వస్తుందో ఆమె అక్కడే నిలబడి లెక్క వేసింది.

నలభై అడుగుల దూరంలో, బండల అవతల, శైలజ మాటలు వినిపిస్తున్నాయి. ఒక్క పిలుపు చాలు. ఫొటో లేనిది గడి నిండదు. తన ఫోనులో ఆ పిట్ట చుక్కంత కూడా పడదు. పిలిస్తే శైలజ వస్తుంది, తీస్తుంది. పిట్ట పట్టికలోకి వెళుతుంది. పోయినసారి లాగే చూసినదెవరు, తీసినదెవరు అని రెండు పేర్లు పడతాయి. మళ్ళీ రెండు పేర్లు.

ఆదిలక్ష్మి పిలవలేదు. పిట్ట ఒక పండు తిన్నది, ముక్కును కొమ్మకు తుడుచుకుంది, రెండుసార్లు అరిచింది. తరువాత బండల వెనకకు దిగిపోయింది. అంతసేపూ ఆమె రెప్ప వేయలేదని చెప్పింది. అది నిజం కాకపోవచ్చు.

కిందికి దిగాక దేవసహాయం అడిగాడు. "ఆ పక్క ఏమన్నా కనపడిందామ్మా?"

"గోరింకలు సార్."

పుస్తకం మేలో అచ్చయింది. అట్ట మీద శైలజ తీసిన పాలపిట్ట ఉంది. అందంగా ఉంది. లోపల ఆదిలక్ష్మి పేరు ముప్పై రెండు చోట్ల, శైలజ పేరు అరవై ఒక్క చోట ఉన్నాయి. లెక్కపెట్టింది నేను కాదు. కొండ పొదపిగిలి ఎదురుగా, 'ఈ కొండల్లో ఉండే అవకాశం ఉంది. మా బృందానికి ఇంకా కనిపించలేదు' అని ఉంది.

చివరిసారి వెళ్ళినప్పుడు నా సర్వే పత్రంలో ఆ రెండు గళ్ళలో ఏం రాయాలో అడిగాను. 'కాపలా' అని రాసుకోమంది. తరువాత లాట్ బుక్కు తెచ్చి మార్చి నెల పేజీ తెరిచింది. అక్కడ నంబరు లేని లాటు ఒకటి ఉంది. గిరాకీ పేరు లేదు. తేదీ మాత్రం రెండో శనివారానిది. పక్కన మూడు పోగులు వరుసగా అంటించి ఉన్నాయి. మొదటి రెండింటి మీద అడ్డంగా గీత కొట్టి ఉంది. మూడోది లేత నిమ్మ పసుపు, కొంచెం పచ్చ కలిసినది. ఆ రంగు కోసం ఆమె మూడుసార్లు తొట్టి మార్చిందట. పెరట్లో ఉన్న గంగాధరకు వినబడకుండా మెల్లగా మాట్లాడింది. కొండ మీది సంగతి అప్పుడే మొదటిసారి చెప్పింది.

ఇదంతా రాయవచ్చా అని అడిగాను.

"రాయి. పుస్తకంలో వస్తే ఆయమ్మి సదవతాది కదా?"

"చదువుతుంది."

"సదవనీ. పసుపు యా మాదిరి ఉండాదో బాగా రాయి. తోక చివర రాయి. పండు తిన్నది రాయి." లాట్ బుక్కు మూసి ఒళ్ళో పెట్టుకుంది. "ఆ బండ యా పక్క ఉండాదో మాత్రం రాయొద్దు."